గిటారు దండి – చేతి కొలత

వీణ నెరిగినవారికి గిటారును గూర్చి చెప్పుట కష్టము కాదు. రెండును తంత్రీవాద్యములే. వీణకు కుండ యెట్టిదో గిటారునకు పెట్టె యట్టిది. వీణకు దండి గలదు. గిటారునకును దండి గలదు. దండిపై మెట్లు, దండి కొనను బిరడలు, బిరడలకు దిగువ తీగలు ఒరసికొనిపోవు మేరువు, పెట్టెపై తీగలను మోయు గుర్రము, ఇవన్నియు రెండింటను గలవు. భేద మొక్కటి ముఖ్యమైనది. వీణ మెట్లు మైనముపై నిలిచియుండును. శ్రుతి చెడినప్పుడు మైనము కరగించి మెట్టును జరుపవచ్చును. గిటారు మెట్లన్ననో కొయ్యలో కోసిన గాడులయందు దిగగొట్టబడి యుండును. ఒకసారి కూర్చినపిమ్మట వానిని జరుపుటకు వీలులేదు. కావున గిటారు చేయువాడు మొదటనే యొక కొలతను నిర్ణయించుకొని, మెట్లన్నిటిని దానినిబట్టియే కూర్పవలసియున్నది. మేరువునుండి గుర్రమువరకు తీగ మ్రోగునట్టి పొడవే ఆ కొలత.

విద్యుత్ గిటారునకు, అనగా వాడుకలో ఎలక్ట్రిక్ గిటారు అనుదానికి, ఉన్న పొడవాటి దండిని తీసి పొట్టి దండిని అమర్చుట యను పని యొకటి పాశ్చాత్యదేశములలో నేడు బాగుగ సాగుచున్నది. ఆ పని యేల పుట్టినది, దానికి ముందు నడచిన చరిత్ర మేమి, దానివలన కలుగు లాభనష్టము లెవ్వి యను సంగతులను ఈ ప్రసంగమున మనవి చేసెదను. విషయము చిన్నదిగ దోచవచ్చును. కాని దాని వెనుక నొక పెద్ద ప్రశ్న నిలిచియున్నది. వాద్యము చేతికి తగియుండవలెనా? చేయి వాద్యమునకు తగినట్లు సాగవలెనా? చేయి చిన్నదను కారణమున “నీ కీ విద్య పట్టుబడదు” అను మాట విని, నేర్చుకొనగోరిన బాలుడో బాలికయో వాద్యమును గోడకు తగిలించుట ఎంత విచారకరము! ఆ మాట నిజమా కాదా యని తెలిసికొనుటకు చరిత్రమే మనకు సాక్షి.

మొదట తీగ ధర్మమును విచారింతము. ఫ్రాన్సు దేశీయుడైన మెర్సెన్ అను క్రైస్తవసన్న్యాసి 1636వ సంవత్సరమున ప్రకటించిన సంగీతశాస్త్ర గ్రంథమున ఈ ధర్మమును వివరించెను. తీగ పలుకు స్వరము మూడింటిపై నాధారపడియుండును: పొడవు, బిగువు, బరువు. తీగను సగమునకు నొక్కిన పై షడ్జము పలుకును. పొడవు మార్చక పై షడ్జము రావలెనన్న బిగువును నాలుగింతలు చేయవలెను. తీగ లావైన స్వరము దిగును, సన్ననైన నెక్కును. ఈ మూడింటిలో నొకదానిని మార్చినవాడు తక్కిన రెండింటిలో నెచ్చటనో దానికి సుంకము చెల్లింపకతప్పదు. పొట్టి దండి కథ యంతయు ఈ సుంకము కథయే.

ఇక మెట్ల లెక్క. స్థాయికి 12 స్వరస్థానములు. మేరువునుండి మొదటి మెట్టునకు గల దూరము, తీగ మొత్తము పొడవులో 17.817వ వంతు. పూర్వపు పనివారు దీనిని సులభముగ 18వ వంతుగ లెక్కించెడివారు. తరువాతి మెట్టునకు మిగిలిన పొడవులో మరల నదే వంతు. ఇట్లు పోగా పోగా మెట్లు దగ్గరపడును. పండ్రెండవ మెట్టు సరిగ నడిమికి వచ్చును. తీగ పొడవు 25½ అంగుళములైన మొదటి మెట్టు మేరువునకు 1.43 అంగుళముల దూరమున నుండును. పొడవు 22½ అంగుళములైన నది 1.26 అంగుళములు మాత్రమే. మొదటి మెట్టునుండి నాలుగవ మెట్టువరకు మొదటిదానిలో 3.83 అంగుళములు, రెండవదానిలో 3.38 అంగుళములు. ఇంచుమించు అర అంగుళము భేదము. అర అంగుళ మొక లెక్కా యని తోచును. కాని వీణయందువలె గిటారునందు వ్రేళ్లు కలిసి తీగవెంట జారుచు పోవుట మాత్రమే కాదు. మూడు నాలుగు స్వరములను ఏకకాలమున మ్రోగించుటకై నాలుగు వ్రేళ్లను వేర్వేరు మెట్లపై చాచి నొక్కిపట్టవలయును. అట్టియెడ చిటికెనవ్రేలికి అర అంగుళము ఒక యోజనమే.

పూర్వకాలమున గిటారునకు ఒకే కొలత యనునది లేదు. ఐరోపాఖండమున ఒక్కొక్క పనివాడు ఒక్కొక్క పొడవున చేయుచుండెను. 19వ శతాబ్దారంభమున వియన్నా నగరమున టెర్జ్ గిటారు అను పొట్టి గిటారు ప్రచారములో నుండెను. దానిని సామాన్యపు గిటారుకంటె మూడు స్వరస్థానములు హెచ్చుగ శ్రుతిచేసెడివారు. మౌరో జూలియానీ యను ఇటలీ దేశపు విద్వాంసుడు ఆ చిన్నవాద్యమునకై వాద్యబృందముతో కూడిన పెద్దకృతినే రచించెను. పొట్టిదనము నాడు లోపముగ నెంచబడలేదని దీనివలన తెలియుచున్నది.

కొలత స్థిరపడినది ఆ శతాబ్దపు ఉత్తరార్ధమున. స్పెయిను దేశమున అల్మెరియా ప్రాంతీయుడైన అంతోనియో దె తొర్రెస్ (1817–1892) అను వడ్రంగి గిటారు పెట్టెను పెద్దదిగ చేసి, తీగ పొడవును 65 సెంటిమీటర్లుగ, అనగా 25½ అంగుళములకు రవంత పైగా, నిలిపెను. అతని వాద్యములు శ్రావ్యములగుటచే తరువాతివారందరును ఆ కొలతనే పట్టుకొనిరి. దీనికి కారణ మొకటి గలదు. అప్పటి గిటారునకు తీగయొక్క బిగువే బలము. ఆ బిగువు గుర్రముగుండ పెట్టె పలకను కదలించిననేగాని ధ్వని పుట్టదు. తీగను పొట్టిచేసి అదే శ్రుతికి కట్టిన బిగువు తగ్గును. బిగువు తగ్గిన ధ్వనియు తగ్గును. సభలో కడపటి వరుసకు వినబడవలెనన్న పొడవాటి తీగ అవసరమయ్యెను. కావున ఆనాటి కొలత చేతికొరకు గాక చెవికొరకు ఏర్పడినది.

ఈ నిర్బంధమును తొలగించినది విద్యుచ్ఛక్తి. 1931, 1932 సంవత్సరములలో అమెరికాయందలి లాస్ ఏంజెలెస్ నగరమున జార్జి బోషాం అను వాదకుడును, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అను యంత్రశాలాధిపతియు కలిసి, తీగల దాపున అయస్కాంతమును రాగితీగ చుట్టను అమర్చి ఒక గిటారును నిర్మించిరి. ఉక్కుతీగ అయస్కాంతముముందు కంపించినప్పుడు చుట్టలో స్వల్పమైన విద్యుత్ప్రవాహము పుట్టును. దానిని రేడియోలో నుండునట్టి యాంప్లిఫయరు పెంచి పలికించును. ఆ చుట్టనే పికప్పు అందురు. ఇక పెట్టె పలక కదలనక్కరలేదు. బోషామునకు 1937లో దానిపై పేటెంటు లభించెను. ఆ మొదటి వాద్యము గుండ్రని చిన్నపెట్టెతో పెనమువలె నుండుటచే దానికి “వేపుడు పెనము” అని ముద్దుపేరు వచ్చినది. ఒడిలో పెట్టుకొని ఉక్కుకడ్డీతో వాయించు హవాయి పద్ధతి వాద్యమది. అందులో ఏ–22 అను రకమునకు తీగ పొడవు 22½ అంగుళములు. విద్యుత్ గిటారు పుట్టుకయందే పొట్టి కొలత యుండెనని శ్రోతలు గమనింపవలెను.

1936లో గిబ్సన్ కంపెనీవారు నిలువుగ పట్టుకొని వాయించు ఇ.ఎస్.–150 అను విద్యుత్ గిటారును వెలువరించిరి. చార్లీ క్రిస్టియన్ అను నల్లజాతి విద్వాంసుడు దానిని వాయించి, జాజ్ మేళములో గిటారునకు ముందు వరుస నిప్పించెను. గిబ్సన్ వారి విద్యుత్ గిటారులలో ప్రసిద్ధమైన కొలత 24¾ అంగుళములు. తరువాత కాలిఫోర్నియా రాష్ట్రమున ఫులర్టన్ అను ఊర రేడియోలు బాగుచేయు అంగడి పెట్టుకొనిన లియో ఫెండర్ (1909–1991) ఈ రంగమున ప్రవేశించెను. ఇతడు వాదకుడు కాడు, వడ్రంగియు కాడు. యంత్రముల మర్మ మెరిగినవాడు. యంత్రములో నొక భాగము చెడిన దానిని తీసి వేరొకటి వేయుట అతనికి సహజముగ తోచిన మార్గము. అంతవరకు గిటారు దండిని పెట్టెకు జిగురుతో అతికించుట ఆచారము. ఫెండర్ 1950లో వెలువరించిన గిటారునందు దండిని నాలుగు మరలతో బిగించెను. మరలు విప్పిన దండి యూడివచ్చును. టెలికాస్టర్ (1951), స్ట్రాటోకాస్టర్ (1954) అను ప్రసిద్ధవాద్యములు ఈ పద్ధతివే. వాని తీగ పొడవు 25½ అంగుళములు. దండిని మార్చుకొను విద్యకు బీజము ఆ నాలుగు మరలలో నున్నది.

పొట్టి దండికి అపకీర్తి యెట్లు వచ్చెనో యిక చెప్పవలయును. 1950లో గిబ్సన్ వారు 22¾ అంగుళముల కొలతతో ఇ.ఎస్.–140 అను “ముప్పాతిక” గిటారును చేసిరి. 1956లో ఫెండర్ కంపెనీవారు 22½ అంగుళముల మ్యూజిక్ మాస్టర్, డ్యుయో–సోనిక్ అనువానిని విడుదల చేసిరి. ఇవి విద్యార్థుల వాద్యములని కంపెనీలే చాటిచెప్పినవి. ఉద్దేశము మంచిదే, చిన్నచేతులవారు సులభముగ నేర్తురని. వెల తక్కువగ నుంచుటకై అలంకారములును, అమరికలును తగ్గించిరి. దానితో జనుల మనస్సున రెండు మాటలు కలిసిపోయినవి: పొట్టి యనిన చౌక, చౌక యనిన పిల్లలది. కొలత చేసిన తప్పేమియు లేదు. పరిచయముచేసిన తీరే దానికి మచ్చ తెచ్చినది. పెద్దవాడు పొట్టి గిటారు పట్టిన, పలకబలపము పట్టిన పండితునివలె చూచి నవ్వు కాలము వచ్చినది.

ఐనను ఆ కాలముననే ఈ యభిప్రాయమునకు విరుద్ధమైన సాక్ష్యము లేకపోలేదు. 1955లో గిబ్సన్ వారు బిల్లీ బర్డ్, హాంక్ గార్లండ్ అను ఇరువురు ఆరితేరిన వాదకుల సలహాతో, వారి పేర్లు కలిపి బర్డ్‌లాండ్ అని నామకరణము చేసి యొక గిటారును నిర్మించిరి. దాని కొలత 23½ అంగుళములు. అది విద్యార్థుల చౌకసరుకు కాదు, మిక్కిలి వెలగలది. వ్రేళ్లను దూరముగ చాచవలసిన కఠినమైన స్వరసమూహములు ఆ పొట్టిదండిపై చేతికందుననియే వారు దానిని కోరిరి. విద్య పెరిగినకొలది కొలత పెరుగవలెనను మాట అసత్యమని దీనివలన స్పష్టము. 1962లో ఫెండర్ వారును తమ జాబితాలో నన్నిటికంటె హెచ్చు వెలగల జాగ్వార్ అను వాద్యమునకు 24 అంగుళములే పెట్టిరి. 1964లో వచ్చిన మస్టాంగ్ అను విద్యార్థుల గిటారునకు 22½, 24 అంగుళములని రెండు కొలతలు కొనువాని యిష్టమునకు విడిచిరి.

లోకమంతయు చూచిన సాక్ష్య మింకొకటి. ఇంగ్లండు దేశపు బీటిల్స్ మేళములోని జాన్ లెనన్ 1960లో జర్మనీలోని హాంబర్గు నగరమున రికెన్‌బాకర్ 325 అను గిటారును కొనెను. దాని తీగ పొడవు 20¾ అంగుళములు మాత్రమే. 1964 ఫిబ్రవరి 9వ తేదీన ఆ మేళము అమెరికా టెలివిజనులో ప్రథమముగ పాడినప్పుడు లెనన్ చేతనున్నది ఆ పొట్టివాద్యమే. ఆనాడు దానిని 7 కోట్ల 30 లక్షలమంది చూచిరని లెక్క. ఆ చూచినవారిలో నెవ్వరును అది పిల్లల గిటారని నవ్వలేదు.

ఇంటిపట్టున తయారైన వాద్యముకథ వినదగినది. 1963లో లండను ప్రాంతమున బ్రయాన్ మే యను పదునారేండ్ల బాలుడు గిటారు కొనుటకు స్తోమతులేక, తండ్రితో కలిసి తానే చేయ మొదలిడెను. దండికి ఒక పాత ఇంటి చలిపొయ్యికి చుట్టును బిగించిన చట్రపు కొయ్య దొరకెను. ఆ కొయ్యలో పురుగు తొలిచిన రంధ్రములను అగ్గిపుల్లలతో పూడ్చెను. మెట్ల గురుతులకు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప బొత్తాములను పొదిగెను. తీగలను లాగి విడుచు మీటకు పాత మోటారుసైకిలు స్ప్రింగులు పనికివచ్చినవి. అతడు కొలత నిర్ణయించుకొనుటలో స్వతంత్రుడు. ఏ కంపెనీ యాచారమునకును బద్ధుడు కాడు. అతడు పెట్టుకొన్నది 24 అంగుళములు. ఆ వాద్యముతోనే అతడు క్వీన్ అను మేళమున జగత్ప్రసిద్ధుడై, 2002లో ఇంగ్లండు రాణి స్వర్ణోత్సవమున రాజప్రాసాదపు మేడపై నిలిచి వాయించెను.

ఇక విద్యార్థుల గిటారులు చవుకగ పాతసరుకు అంగళ్లలో పడియుండగా, 1980 తరువాత అమెరికాలో చేత డబ్బులేని యువకులు వానిని కొని వాయింపసాగిరి. నిర్వాణ అను మేళపు నాయకుడు కర్ట్ కోబేన్ 1991లో ప్రసిద్ధికి వచ్చినప్పుడు మస్టాంగ్, జాగ్వార్ గిటారులును ప్రసిద్ధికి వచ్చినవి. నవ్వులపాలైన కొలత కోరదగిన కొలత యయ్యెను. పొట్టి దండిని తమ పాతగిటారునకు అమర్చుకొనగోరువారు పెరుగుటకును, ఆ దండులనే విడిగ చేసి యమ్ము పనివాండ్రు వెలయుటకును ఇది యొక కారణము.

ఇట్లు చెప్పినంత పొట్టి కొలతయే సర్వోత్తమమని తలపరాదు. జాంగో రైన్‌హార్ట్ అను విద్వాంసుని చరిత్రము దీనికి విరుగుడు. 1928లో అతడు నివసించు బండి నిప్పంటుకొని అతని యెడమచేతి వ్రేళ్లు రెండు చెడిపోయెను. మిగిలిన రెండు వ్రేళ్లతో స్వరముల నొక్కుచు అతడు ఐరోపాలో అసమానుడనిపించుకొనెను. తరువాత అతడు వాయించిన సెల్మర్ గిటారులలో తీగ పొడవు 67 సెంటిమీటర్లు. సామాన్యపు కొలతకంటె నెక్కువ! సంకల్పమున్నవాడు పొడవాటి దండినైనను జయింపగలడు. కాని జాంగో జయించెను గనుక అందరును అట్లే శ్రమపడవలెననుట న్యాయము కాదు. ఒకడు నది నీదినాడని పడవలను కాల్చివేయుదుమా?

ఇప్పుడు దండి మార్చు విధమును విచారింతము. ఇందు రెండు మార్గములు గలవు. ఒకటి, పొడవాటి గిటారు గుర్రము కదలకుండ నుంచి, దానికి సరిపడునట్లు లెక్కకట్టి చేసిన పొట్టి దండిని బిగించుట. 25½ అంగుళముల వాద్యమునకు 24¾ అంగుళముల దండి వేసినచో పండ్రెండవ మెట్టు గుర్రమువైపు అంగుళములో ముప్పాతికలో సగము జరుగవలెను. మేరువు ముప్పాతిక అంగుళము దగ్గరకు రావలెను. 22½ అంగుళముల దండి యైన మేరువు 3 అంగుళములు దగ్గరకు వచ్చును. పెట్టె గూడు మారదు గనుక, పాత దండిలో 21 మెట్లున్న చోటను, పొట్టి దండిలో సుమారు 19 మెట్లకే తావుండును. పై మెట్లు కావలెనన్న పలకను గూటిని దాటి పికప్పువైపు ముందుకు సాగించి చేయవలెను. ఇది మొదటి సుంకము.

రెండవ మార్గము, వేరొక పొట్టి గిటారు దండిని తెచ్చి బిగించుట. ఇచ్చటనే పెక్కుమంది మోసపోవుదురు. మరలు సరిపోయినంత శ్రుతి సరిపోదు. మేరువునుండి పండ్రెండవ మెట్టువరకు ఎంత దూరమో, ఆ మెట్టునుండి గుర్రమువరకు నంతే దూరముండవలెను. దండిలో ఆ దూరము 11¼ అంగుళములై, గుర్రము పాతచోట 12¾ అంగుళములకు దరిగా నిలిచియుండిన, ఏ మెట్టు నొక్కినను అపస్వరమే పలుకును. బిరడ లెంత త్రిప్పినను ఆ దోషము తీరదు. అప్పుడు గుర్రమునే పెకలించి ముందుకు జరుపవలెను. పెట్టెలో క్రొత్త రంధ్రములు తొలువవలెను. ఆ పని చేసినపిమ్మట వెనుకకు పోవుటకు దారి లేదు. కావున మరవిప్పుటకు ముందే కొలబద్ద చేతబట్టవలెను.

దండి బిగించిన తరువాత మరి మూడు పనులు గలవు. మొదటిది తీగ. అదే తీగను అదే శ్రుతికి కట్టిన బిగువు, పొడవుయొక్క వర్గమునుబట్టి తగ్గును. 25½ నుండి 24కు వచ్చిన నూటికి 11 వంతులు, 22½కు వచ్చిన నూటికి 22 వంతులు తగ్గును. బిగువు తగ్గుట వ్రేళ్లకు హాయి. తీగను ప్రక్కకు లాగి గమకము పలికించుట సులభము. కాని లావు తీగలు వదులై మెట్లకు తగిలి గరగరలాడును. గట్టిగ నొక్కిన స్వరము హెచ్చును. దీనికి మందు తీగను కొంచెము లావుచేయుట. అంగుళములో వేయింట 10 వంతుల లావుగల తీగ యున్నచోట 11 వంతుల తీగ వేసిన పూర్వపు బిగువు ఇంచుమించు వచ్చును. రెండవది దండిలోని ఉక్కుకడ్డీ. తీగల లాగుడునకు దండి వంగకుండ లోపల నొక కడ్డీ యుండును. లాగుడు తగ్గినప్పుడు దానిని మెల్లగ సడలింపవలెను. మూడవది గుర్రపు సవరణ. పండ్రెండవ మెట్టుపై తీగను తాకీతాకక మీటిన పలుకు స్వరమును, నొక్కి మీటిన పలుకు స్వరమును సమానములగువరకు గుర్రమునందలి చిన్న దిమ్మలను ముందువెనుకలకు జరుపవలెను. నొక్కినప్పుడు తీగ రవంత బిగియును గనుక గుర్రము లెక్కకంటె కొంచెము వెనుకకే నిలుచును.

ధ్వనియు మారకపోదు. పికప్పు పాతచోటనే యుండి తీగ పొట్టియగుటచే అది తీగయొక్క వేరొక భాగమును వినును. పొడవాటి తీగ గంటవలె స్పష్టముగను, పొట్టితీగ మెత్తగను గుండ్రముగను పలుకునని వాదకుల యనుభవము. ఏది మేలనునది వారివారి రుచి.

ఖర్చులేకయే దీనిని పరీక్షించుటకు ఒక యుపాయము గలదు. కేపో అను బిగింపును మొదటి మెట్టుపై పెట్టి తీగలన్నిటిని ఒక స్వరస్థానము దించిన, 25½ అంగుళముల గిటారు ఇంచుమించు 24 అంగుళముల గిటారగును. రెండవ మెట్టుపై పెట్టి రెండు స్థానములు దించిన 22¾ అంగుళములకు దరి వచ్చును. పక్షము దినములు అట్లు వాయించి, చేతికి నిజముగ సుఖమైనచో అప్పుడు దండిని కొనవచ్చును. కానిచో బిగింపు తీసివేసిన వాద్యము యథాపూర్వమే.

ఈ కథ పరదేశపుది యైనను ఇందలి నీతి మనకు క్రొత్త కాదు. పూర్వము రాగము మారినప్పుడెల్ల మెట్లు జరుపుకొనవలసిన వీణకు, 17వ శతాబ్దమున తంజావూరు నేలిన, తెలుగు కవియునైన రఘునాథనాయకుడు 24 మెట్లను స్థిరముగ కూర్పించి సర్వరాగములకు నొకే వీణ చాలునట్లు చేయించెనని సంప్రదాయము చెప్పుచున్నది. వాద్యము రాగమునకు లొంగవలెను గాని రాగము వాద్యమునకు లొంగరాదని ఆ సవరణ యర్థము. మన కాలమున పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్, గిటారుకంటె నెంతయో పొట్టిదైన విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టెను. ఆ వాద్యపు తీగ పొడవు సుమారు 14 అంగుళములు. నాలుగు జంటలుగ నుండు ఎనిమిది తీగలను తీసివేసి అయిదు ఒంటి తీగలు కట్టించి, దానిపై కర్ణాటక సంగీతమును గమకములతో పలికించెను. పొట్టివాద్యమున గంభీరమైన రాగము పలుకదను శంక నతడు బాల్యముననే తీర్చెను. 2014లో దివంగతుడైనను, ఆ వాద్యము పేరే అతని పేరునకు ముందు నిలిచియున్నది.

కమ్మరి కొడవలి చేయునప్పుడు పట్టువాని పిడికిలి చూచును. సాలె మగ్గమును కూర్చుండువాని కాలి పొడవునుబట్టి గుంటలో దించును. సంగీతమునందు మాత్రము చేతిని తప్పుపట్టుట యేల? పొట్టి దండికి సుంకము గలదు. మెట్లు కొన్ని తగ్గును, తీగ మార్చవలెను, శ్రుతి సవరింపవలెను. ఆ సుంకమును కొలబద్దతోడను ఓపికతోడను చెల్లింపవచ్చును. కాని నేర్చుకొనవచ్చిన బిడ్డను “నీ చేయి చాలదు” అని పంపివేసినచో చెల్లించు సుంకమునకు కొలబద్ద లేదు. మీ యింట నే బిడ్డయైన వీణయో, వయొలినో, గిటారో ఒడిలో పెట్టుకొని వ్రేళ్లు చాచలేక అవస్థపడుచుండిన, ఆ బిడ్డ చేతిని నిందించుటకు ముందు ఆ వాద్యమును కొలిచిచూడుడు.